తిరుపతి లాడ్జీలు: గది కన్నా ముందు కౌంటర్‌ను చూడండి

తిరుపతి ప్రైవేటు లాడ్జీల మీద వచ్చే ఫిర్యాదులు చదివితే ఒక సంగతి తెలుస్తుంది. దుప్పటి మరకలు, బాత్రూము వాసన, రాత్రంతా కొట్టుకునే ఫ్యాను గురించి ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేసి, మిగతా అంతా కౌంటర్ దగ్గర జరిగిన మాటల గురించి రాస్తారు. డబ్బు కట్టేదాకా "రండి సార్, కూర్చోండి" అన్న మనిషే, రశీదు ఇచ్చాక "మా రూలింతే, ఇష్టమైతే ఉండండి" అంటాడు. పిల్లలతో, ముసలివాళ్ళతో, పెట్టెలతో లాబీలో నిలబడ్డ కుటుంబానికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడ చూసేది గదులను కాదు, వాటిని నడిపే తీరును. ఏ ఒక్క లాడ్జి గురించో రాసింది కాదిది. రైల్వే స్టేషన్ చుట్టుపక్కల నుంచి అలిపిరి దారి దాకా మళ్ళీ మళ్ళీ కనిపించే పద్ధతి గురించి రాసింది.

ఈ దురుసుతనానికి కారణాలు మనిషి స్వభావం కన్నా లెక్కల్లోనే ఎక్కువ కనిపిస్తాయి. చాలా లాడ్జీల్లో భవనం యజమాని ఒకరు, లీజుకు తీసుకుని నడిపేవాళ్ళు ఇంకొకరు. లీజు డబ్బు ఏడాది పొడవునా కట్టాలి, గదులు నిండేది మాత్రం శని, ఆదివారాలు, వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తమిళుల పెరటాసి నెల శనివారాల్లోనే. ఆ రోజుల్లో ఒక్కో గదికి వీలైనంత రాబట్టాలనే ఒత్తిడి పైనుంచి కౌంటర్ మీద పడుతుంది. పైగా యాత్రికుడు మళ్ళీ వచ్చేది ఏడాదికో, మూడేళ్ళకో. అతను కోపంగా వెళ్ళిపోయినా వెనక వరసలో ఇంకో కుటుంబం ఉంటుంది. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడికి రేటు తగ్గించే అధికారం గానీ, డిపాజిట్ తిరిగిచ్చే అధికారం గానీ ఉండదు. లేదని ఒప్పుకోవడం ఇష్టం లేక గొంతు పెంచుతాడు. "ఓనర్ లేరు, ఫోన్ ఎత్తడం లేదు" అన్న మాట తిరుపతిలో ప్రతి గొడవలోనూ వినిపించేది ఇందుకే. కాబట్టి డబ్బు కట్టకముందే అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఏదైనా తేడా వస్తే ఇక్కడ నిర్ణయం తీసుకునేది ఎవరు? వాళ్ళ నంబరు ఇవ్వండి." నంబరు ఇచ్చే లాడ్జికీ, ఇవ్వని లాడ్జికీ మధ్య ఉండే తేడా ఏసీ, నాన్ ఏసీ తేడా కన్నా పెద్దది.

గొడవల్లో సగం గడియారంతోనే మొదలవుతాయి. తిరుపతిలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి 24 గంటల పద్ధతి, అంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టిన గంట నుంచి మర్నాడు అదే గంట దాకా. రెండోది మధ్యాహ్నం 12కి ఇచ్చి, మర్నాడు 11కి ఖాళీ చేయించేది. యాప్‌లలో కనిపించేవి ఎక్కువగా ఈ రెండోవే. హైదరాబాద్ నుంచి వచ్చే నారాయణాద్రి, పద్మావతి, వెంకటాద్రి లాంటి రైళ్ళు పొద్దున్నే దింపుతాయి. మధ్యాహ్నం 12కి గది ఇచ్చే చోటికి పొద్దున 6కి చేరితే మూడు దారులే: ఆరు గంటలు లాబీలో కూర్చోవడం, ముందుగా గది ఇచ్చినందుకు అదనంగా కట్టడం, లేదా ముందు రోజు రాత్రికి కూడా అద్దె కట్టడం. ఇది ముందే తెలిస్తే ఇబ్బంది లేదు. కౌంటర్ దగ్గర తెలిస్తేనే మాట పెరుగుతుంది. "చెకౌట్ టైమెంత?" అని అడిగితే సగం జవాబే వస్తుంది. ఇలా అడగండి: "శనివారం పొద్దున 6కి దిగుతాం, ఆదివారం సాయంత్రం 5కి ఖాళీ చేస్తాం. మొత్తం ఎన్ని రోజుల అద్దె, ఎన్ని రూపాయలు?" అంకె రానిదే ఫోన్ పెట్టేయకండి. గంట దాటితే ఎంత, మూడు గంటలు దాటితే ఎంత అన్నది కూడా అప్పుడే అడగాలి. కొన్నిచోట్ల ఒక గంట చూసీచూడనట్టు వదిలేస్తారు, కొన్నిచోట్ల పావుగంటకే పూర్తి రోజు వేస్తారు.

తిరుపతికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. దర్శనం ఎప్పుడవుతుందో లాడ్జికీ తెలియదు, యాత్రికుడికీ తెలియదు. తిరుపతిలో టీటీడీకి ఉన్న విష్ణు నివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో ఇచ్చే ఉచిత సర్వదర్శనం టోకెన్‌కు ఏ గంట పడుతుందో తీసుకునేదాకా తెలియదు. టోకెన్ లేకుండా వెళ్తే రద్దీ రోజుల్లో క్యూ కాంప్లెక్స్‌లో రాత్రంతా గడవచ్చు. ఫోన్లు ఆలయంలోకి రానివ్వరు కాబట్టి ముందే డిపాజిట్ చేయాలి. ఈలోగా కింద లాడ్జిలో గడువు దాటుతుంది, మేనేజర్ ఫోన్ చేస్తాడు, స్విచాఫ్ అని వస్తుంది. రద్దీ రోజైతే తాళం తీసి సామాను బయట పెట్టించి గది వేరేవాళ్ళకు ఇచ్చేసిన సందర్భాలున్నాయి. కొండ దిగి వచ్చినవాళ్ళు తమ బట్టలు మెట్ల కింద చూసి అడిగితే "ఫోన్ ఎత్తలేదు కదా" అన్నదే జవాబు. ఇంతకన్నా అవమానకరమైన అనుభవం ఇంకోటి ఉండదు. దీనికి మందు ఒక్కటే: కొండెక్కే ముందు గది ఖాళీ చేసేయడం. తాళం ఇచ్చి, డిపాజిట్ తీసుకుని, పెట్టెలు లాడ్జి లగేజీ గదిలో పెట్టి చీటీ తీసుకోండి. చీటీ ఇవ్వని చోట పెట్టొద్దు. తిరుపతి స్టేషన్‌లో క్లోక్‌రూమ్ ఉంది, అక్కడ రైలు టికెట్ చూపించాలి, పెట్టెకు తాళం ఉండాలి. కాలినడకన వెళ్ళేవాళ్ళ సామాను అలిపిరిలో తీసుకుని టీటీడీయే పైకి చేరుస్తుంది. గది ఉంచుకోక తప్పదనుకుంటే రెండో రోజు అద్దె ముందే కట్టి, రశీదు మీద ఏ తేదీ ఎన్ని గంటల దాకా కట్టారో రాయించుకోండి.

ఇక యాప్‌లో బుక్ చేసిన గది ఇవ్వననడం. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చెడ్డది ఇదే. రద్దీ రోజున అడుగుపెట్టగానే "ఆ రేటుకు మాకు గిట్టదు, ఇంకో వెయ్యి ఇవ్వండి" అంటారు. లేదంటే "మీ గదిలో మోటారు పాడైంది, పక్క వీధిలో మా ఇంకో లాడ్జి ఉంది" అంటారు. లేదంటే "బుకింగే రాలేదు, యాప్‌వాళ్ళతో మాట్లాడుకోండి". మూడింటి వెనకా ఉన్నది ఒక్కటే. యాప్‌లో వారాల ముందు తక్కువకు అమ్మిన గదికి, కమీషన్ పోగా వచ్చేదానికన్నా, ఎదురుగా నిలబడ్డవాళ్ళు నగదు ఎక్కువ ఇస్తారు. యాప్‌లకూ హోటళ్ళకూ మధ్య తగాదా నిజమైనదే. తమ దగ్గరకన్నా తక్కువ ధరకు వేరేచోట అమ్మొద్దనే షరతుల వంటి కారణాలతో 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అయితే ఆ తగాదా భారం డబ్బు కట్టిన యాత్రికుడి మీద వేయడానికి లాడ్జికి ఏ హక్కూ లేదు.

అలాంటప్పుడు చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది, అది తప్పితే డబ్బు పోతుంది. మేనేజర్ మొదట చెప్పే మాట "మీరే క్యాన్సిల్ చేసుకోండి, డబ్బు వచ్చేస్తుంది". చేయకూడదు. మీరు నొక్కితే అది వినియోగదారుడు రద్దు చేసినట్టు నమోదవుతుంది, అదే రోజు రద్దుకు చాలా బుకింగుల్లో పైసా రాదు. లాడ్జి లోపలే నిలబడి యాప్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. "హోటల్ చెకిన్ నిరాకరించింది" అన్న మాటతోనే ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు తీసుకోండి. వాళ్ళు లాడ్జికి ఫోన్ చేసేదాకా అక్కడి నుంచి కదలొద్దు. కదిలితే మీరు అసలు రాలేదని లాడ్జి నమోదు చేసే వీలుంది. వోచర్ స్క్రీన్‌షాట్, లాడ్జి బోర్డు కనిపించేలా ఒక ఫొటో, ఆ గంటలోనే యాప్ చాట్‌లో ఒక సందేశం ఉంటే ఆ తర్వాత ఎవరూ మీరు రాలేదనలేరు. పక్క లాడ్జికి పంపిస్తామంటే, గది చూశాక, అదే ధర అని యాప్‌వాళ్ళు చాట్‌లో రాసి ఇచ్చాకే ఒప్పుకోవాలి. "హోటల్ దగ్గర చెల్లింపు" పద్ధతిలో చేసిన బుకింగులు అన్నిటికన్నా ముందు పోతాయి, ఎందుకంటే లాడ్జి చేతికి ఇంకా ఏమీ రాలేదు. రద్దీ రోజులకు ముందే కట్టిన బుకింగే నయం. అది చేసినా, బయల్దేరే ముందు రోజు లాడ్జికి ఫోన్ చేసి, "ఫలానా పేరు మీద, ఫలానా తేదీ, ఇంత కట్టాం, ఇంతమంది, ఇన్ని గంటలకు వస్తాం" అని వాట్సాప్ పంపి "సరే" అనిపించుకోండి. ఆ ఒక్క "సరే" కౌంటర్ దగ్గర గొంతు తగ్గిస్తుంది.

ఆ ఫోన్ నంబరు కూడా జాగ్రత్తగా చూడాలి. యాత్రాస్థలాల లాడ్జీలు, సత్రాల పేరుతో దొంగ వెబ్‌సైట్లు, దొంగ నంబర్లు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. అడ్వాన్స్ అడిగిన యూపీఐ ఖాతా ఒక వ్యక్తి పేరు మీద ఉంటే ఆగండి. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డిపాజిట్ దగ్గర జరిగేది చిన్న మొత్తమే, చికాకు మాత్రం పెద్దది. నగదుగా తీసుకుంటారు, రశీదులో రాయరు, వెళ్ళేటప్పుడు టవల్ మరక అనో రిమోట్ మూత లేదనో కోస్తారు. అద్దె వేరుగా, డిపాజిట్ వేరుగా రెండుసార్లు యూపీఐ చేసి, రెండోదానికి నోట్‌లో "డిపాజిట్" అని రాయండి. గదిలో అడుగుపెట్టగానే పరుపు, బాత్రూము, రిమోట్, అద్దం, తలుపు గడియ కనిపించేలా నిమిషం వీడియో తీయండి. తెల్లవారుజామున 3 గంటలకు బస్సో రైలో ఉంటే, ముందు రోజు సాయంత్రమే చెప్పి డిపాజిట్ సంగతి తేల్చుకోవాలి. ఆ వేళ కౌంటర్ మీద తల పెట్టి పడుకున్న కుర్రాడి దగ్గర నగదు ఉండదు. "పొద్దున వేస్తాం" అన్న డబ్బు తిరిగి రావడం అరుదు.

బిల్లు విషయంలో పన్ను తెలిసి ఉంటే వాదన అరనిమిషంలో ముగుస్తుంది. రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంతకుముందు 12. అంటే 1,800 రూపాయల గదికి పన్ను 90 రూపాయలు. పాత లెక్కన 216 వేస్తే అడగండి. అది 2.5 చొప్పున కేంద్రానికి, రాష్ట్రానికి రెండు వరసల్లో ఉండాలి. పన్ను తీసుకునే లాడ్జి బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. నంబరు లేకుండా "ట్యాక్స్" అని చేత్తో రాసి వసూలు చేస్తే అది పన్ను కాదు. కింద హోటల్‌లో భోజనం బిల్లుకు సర్వీస్ చార్జి కలిపితే తీసేయమనండి. బిల్లులో తనంతట తానుగా కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. మంచినీళ్ళ సీసా మాత్రం వదిలేయండి. సీసా మీద ముద్రించిన ధర కన్నా హోటళ్ళు ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. బయట కొనుక్కోవడమే మేలు.

గుర్తింపు కార్డు దగ్గర లాడ్జివాళ్ళ తప్పు లేదు. దిగే పెద్దవాళ్ళందరి వివరాలు రాసుకోకపోతే పోలీసులు వాళ్ళను అడుగుతారు. అయితే చూసి, వివరాలు రాసుకుని కార్డు వెనక్కి ఇవ్వాలి. ఖాళీ చేసేదాకా అసలు కార్డు సొరుగులో పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు, డిపాజిట్ గొడవలో అదే తాకట్టు అవుతుంది. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, లేదా డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వండి. అమెరికా పాస్‌పోర్టుతో వచ్చే మనవాళ్ళ విషయంలో లాడ్జి 24 గంటల్లో వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ పని తెలియని చిన్న లాడ్జీలు నిజం చెప్పకుండా "గదులు లేవు" అంటాయి. బుక్ చేసేటప్పుడే ఈ సంగతి చెప్పి అడగండి.

ఒంటరిగా వచ్చినవాళ్ళకు గది ఇవ్వని లాడ్జీలు ఉన్నాయి. గదిలో ఏదైనా అఘాయిత్యం జరిగితే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం దాని వెనక ఉంది. భయం అర్థమవుతుంది, దాన్ని అనుమానంగా మార్చి ఒంటరి ఆడపిల్లను లాబీలో అందరి ముందూ ఆరా తీయడం మాత్రం ఏ రకంగానూ క్షమించదగింది కాదు. పెళ్ళికాని జంటల విషయంలోనూ ఇదే తీరు. పెళ్ళికాని ఇద్దరు పెద్దవాళ్ళు ఒక గదిలో ఉండకూడదనే చట్టం ఏదీ లేదని మద్రాసు హైకోర్టు 2019లో చెప్పింది. లాడ్జి తనకంటూ నియమం పెట్టుకుంటే అది డబ్బు తీసుకోకముందే చెప్పాలి. తీసుకున్నాక చెబితే పూర్తిగా వెనక్కి ఇవ్వాలి.

కౌంటర్ నుంచి వచ్చే ఇంకో బేరం దర్శనం టికెట్లు, కార్లు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ తన వెబ్‌సైట్, యాప్‌లలో అమ్ముతుంది, దాదాపు మూడు నెలల ముందే. లాడ్జి మేనేజర్ ఇప్పిస్తానంటే అది దళారీ వ్యవహారం. పైన తనిఖీలో ఇరుక్కునేది మీరే. వద్దంటే వేడినీళ్ళు రావడం ఆలస్యమవుతుంది, రిమోట్ దొరకదు. అలాంటి చోట ఒక్క రోజుకు మించి ఉండక్కర్లేదు.

మరి ఎక్కడ దిగాలి? నా తూకంలో టీటీడీ వసతి గృహాలు శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవం మొదటి వరస. అక్కడ ఎవరూ నవ్వుతూ పలకరించరు, గదులు దొరకడం కష్టం, నిర్వహణ ఒక్కోసారి బాగుండదు. కానీ రద్దీ చూసి రేటు మారదు, డిపాజిట్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. కొండ మీద ప్రైవేటు లాడ్జీలే లేవు. అక్కడ ఉన్నవి టీటీడీ గదులు, మఠాలు. ప్రైవేటులో అయితే స్టేషన్, గోవిందరాజస్వామి గుడి దగ్గరి పాత లాడ్జీల్లో యజమాని స్వయంగా గల్లాలో కూర్చునేవి వెతకండి. గదులు ఇరుకైనా మాట నిలకడగా ఉంటుంది. బైపాస్ వైపు కొత్త హోటళ్ళలో గది బాగుంటుంది, షిఫ్టు మారితే మాట మారుతుంది. అపార్టుమెంటు ఫ్లాట్లను రోజు అద్దెకిచ్చేవాళ్ళ జోలికి వెళ్ళకపోవడమే మంచిది. గొడవైతే అక్కడ కౌంటరే ఉండదు, ఫోన్‌లో ఒక గొంతు తప్ప.

రివ్యూలు చదివేటప్పుడు సగటు చుక్కలను పక్కనపెట్టి, తక్కువ రేటింగు ఇచ్చినవి, కొత్తవి ముందుకు వచ్చేలా పెట్టి, యాజమాన్యం రాసిన జవాబులు చదవండి. మనిషి తీరు అక్కడే బయటపడుతుంది. "ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు, డిపాజిట్ పంపాం" అని రాసేవాళ్ళ దగ్గర దిగవచ్చు. ప్రతి ఫిర్యాదు కిందా ఒకే "ధన్యవాదాలు" అతికించేవాళ్ళ సంగతి తేలదు. యాత్రికుడినే అబద్ధాలకోరని తిట్టేవాళ్ళ దగ్గర గది ఎంత బాగున్నా వద్దు.

గొడవ ముదిరి బెదిరింపు దాకా వస్తే, తలుపు వేసి నిలబెడితే, 112కి ఫోన్ చేయండి. లాడ్జివాళ్ళకు అప్పగించిన కారు పోతే "ఓనర్ రిస్కు" అన్న బోర్డు వాళ్ళను కాపాడదు. తమ నిర్లక్ష్యం ఉంటే హోటలే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2019 నవంబరులో చెప్పింది. డబ్బు వ్యవహారమైతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. దీనికి తిరుపతి దాకా వెళ్ళక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కరీంనగర్ మనిషి కరీంనగర్‌లో, శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలో. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, రెండేళ్ళ లోపు వేయాలి, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే చేయవచ్చు. బిల్లు, యూపీఐ రశీదు, వాట్సాప్ సందేశాలు, గది వీడియో జతచేయండి. 1915లో ఫిర్యాదు నంబరు రాగానే దాన్ని, రావాల్సిన మొత్తాన్ని, ఏడు రోజుల గడువును అదే వాట్సాప్‌లో లాడ్జికి పంపండి. ఓనర్ ఫోన్ ఎత్తడం లేదన్న లాడ్జి నుంచే అప్పుడు ఫోన్ రావచ్చు. రివ్యూ తీసేస్తే డబ్బు వేస్తామని బేరం పెడితే, ముందు డబ్బు ఖాతాలో పడనివ్వండి. ఆ తర్వాత రివ్యూ చివర "ఫలానా తేదీన తిరిగి ఇచ్చారు" అని ఒక వాక్యం కలపండి, రివ్యూ మాత్రం తీసేయొద్దు.